నీళ్ల గీతకు అటు నాయనమ్మ, ఇటు నేను

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం బడి గంట కొట్టగానే గిన్నెలు పట్టుకుని వేపచెట్టు కిందికి పరుగెత్తేవాళ్లం. ఒకరి గిన్నెలో జొన్నరొట్టె, ఒకరి గిన్నెలో మక్కజొన్న రవ్వతో వండిన గట్క, నా గిన్నెలో పప్పన్నం. ఎవరిది ఎవరు తిన్నారో తెలిసేది కాదు. నా గిన్నె మాత్రం ఖాళీగా ఇంటికి వచ్చేది.

"నా మనుమరాలు గిన్నె కడిగినట్టు తింటది" అని నాయనమ్మ అందరికీ చెప్పుకునేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ప్రత్యేక తెలంగాణ కావాలని లొల్లి మొదలైంది. జనగామలో మా బడి మూతపడింది. నాయన కిరాణా దుకాణం తెరిచిన రోజుల కంటే మూసిన రోజులే ఎక్కువ. అమ్మ పురిటికని నర్సింహులపేటలో పుట్టింటికి వెళ్లి, బస్సులు నడవక అక్కడే ఆగిపోయింది.

ఇంట్లో మిగిలింది ముగ్గురం... నేను, నాయన, నాయనమ్మ.

నాయనమ్మది మడి వంట. తాతయ్య పోయినప్పటి నుంచి ఒంటిపూట భోజనం. ఆమెను నేను ముట్టుకోకూడదు. నా కంచంలో అన్నం పైనుంచే వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయేది. నాయన ఎప్పుడో వచ్చి తినేవాడు. అందరి తిండ్లు అయ్యాక ఆమె తలుపు చాటున ఒక్కతే కూర్చుని తినేది. ప్రేమ లేక కాదు... దేవుడి ముందు పట్టిన నియమం అది.

తెల్లటి సన్నబియ్యం అన్నం, పైన నెయ్యి. కంచం ముందు నేనొక్కదాన్నే. గోడ మీద బల్లిని చూస్తూ కూర్చునేదాన్ని. రెండు ముద్దలు దిగేవి, మూడోది గొంతులోనే నిలిచేది...

పది రోజుల్లో నా పెదవుల మూలలు పగిలాయి. నాయనమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. తర్వాత లంకణం పెట్టింది. కడుపు చెడితే, జ్వరమొస్తే మా ఇంట్లో మొదటి మందు అదే. తినని పిల్లకు తిండి మాన్పించడం ఏమిటని ఆమెకు తోచలేదు.

"కడుపు మాడితె ఆకలి అదే ఎగేసుకొని వస్తది" అంది.

"ఇంకెన్ని దినాలు మాడిస్తవమ్మా? పోరి కండ్లు లోపటికి పోయినయి" అన్నాడు నాయన.

"నిన్ను గిట్లనే పెంచిన. సచ్చినవా?"

రెండు రోజుల లంకణం, ఆ తర్వాత ఉప్పు లేని గంజి. నాలుగో రోజు పొద్దున బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. నాయనమ్మ మడి మరిచి నన్ను ఎత్తుకుంది. అది నాకు ఇప్పటికీ గుర్తు. మళ్లీ స్నానం చేసి, దేవుడి గూటి ముందు చాలాసేపు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నాకు మళ్లీ అన్నం పెట్టింది. అప్పుడే కమ్లి వచ్చింది. లింగాల ఘనపూర్ దిక్కు తండా నుంచి మోదుగాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని మా దుకాణానికి తెచ్చే లంబాడీ ఆమె. బజారు బంద్ అని తెలియక అంత దూరం నడిచి వచ్చింది. కాసేపు ఆగి పోతానని పెరటి గడప బయట కూర్చుని మూట విప్పింది. జొన్నరొట్టె... వాళ్ల భాషలో 'బాటి' అంటారు... దాని మీద ఉడికించిన తోటకూర, ఎర్రటి తొక్కు.

నా కంచం వంక చూసింది.

"ఏంది బిడ్డా, గంత నెయ్యి ఏసుకొని గుడ్లప్పగించి కూసున్నవ్? మా తండల పోరగాండ్లయితె కంచం గూడ నాకుతుండిరి."

నేను ముద్దను కంచంలో అటూ ఇటూ జరిపాను.

"ఒక్కదానివే కూసుంటె బువ్వ ఎట్ల దిగుతది? మా బర్రె గూడ ఒక్కతుంటె గడ్డి ముట్టది."

వంటింట్లోంచి నాయనమ్మ అందుకుంది. "ఏందే కమ్లీ, నా మనుమరాలిని బర్రెతోటి జోడు కడతవ్?"

"బర్రెనే నయం అవ్వా, దానికి పక్కన ఇంకో బర్రె ఉంటది" అని నవ్వి, కమ్లి రొట్టె తుంచింది. "పట్టు బిడ్డా. నేనొక తుంట, నువ్వొక ముద్ద. సూద్దాం ఎవలు గెలుస్తరో."

ఆమె గడపకు బయట, నేను లోపల. ఆమె నమిలితే నేనూ నమిలాను. ఆమె తొక్కు కారానికి ఉస్సుమంటే నాకు నవ్వొచ్చింది. చూస్తుండగానే కంచం ఖాళీ అయింది. ఇంకొంచెం పెట్టమని అడిగాను...

నాయనమ్మ గరిట పట్టుకుని తలుపు దగ్గర అలాగే నిలబడిపోయింది. తర్వాత వచ్చి ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. కమ్లి వెళ్లేటప్పుడు చాటెడు బియ్యం ఆమె కొంగులో పోసింది.

మరునాడు తోటకూర పప్పు వండింది. నాకు వడ్డించింది. తర్వాత తడి వేలితో నేల మీద ఒక గీత గీసి, దానికి అటువైపు తన విస్తరి వేసుకుంది. అన్నేళ్ల తర్వాత ఆమె మరో మనిషి ఎదురుగా కూర్చుని తినడం అదే మొదలు.

"ఊఁ... తిను" అంది, తల ఎత్తకుండానే.

అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చేదాకా రోజూ అలాగే తిన్నాం. నాకు నెమ్మదిగా కండ పట్టింది. నాయనమ్మ కూడా రెండు ముద్దలు ఎక్కువే తినేదని నాకు అనిపించేది.

ఇప్పుడు నాకు యాభై ఏళ్లు. మళ్లీ తెలంగాణ కోసమే సమ్మె, మళ్లీ బడులు బంద్. ఊరంతా రోడ్ల మీద వంటా వార్పు... వేలమంది కలిసి వండుకుని, కలిసి తింటున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. మా పక్క పోర్షన్ పిల్ల మాత్రం అమ్మానాన్నలు వచ్చేదాకా లోపల గడియ పెట్టుకుని, టీవీ ముందు చిప్స్ ప్యాకెట్‌తో ఒక్కతే ఉంటుంది. టీవీ చప్పుడు గోడ ఇవతలికి, నేను ఒక్కదాన్నే తినే చోటికి వినిపిస్తుంది.

పిల్లలకు ఏం పెట్టాలో ఇప్పుడు అందరికీ తెలుసు... పాలు, పండ్లు, ఆకుకూరలు అన్నీ చెబుతారు. కానీ ఆ రోజు మా పెరటి తలుపు తీసి ఉండబట్టే కదా, దారిన పోయే మనిషి నా కంచంలోకి తొంగి చూసింది! ఇప్పుడు ఏ తలుపూ తీసి ఉండదు...

మీ చిన్నప్పుడు మీ కంచం ఎదురుగా ఎవరు కూర్చునేవారు? వాళ్ల పేరొక్కటైనా కింద రాయండి... చదువుకుంటూ నాలుగు ముద్దలు తింటాను.