కొండదారిలో నిద్ర

అప్పటికి మా అత్తమ్మ మంచాన పడి మూడేళ్లు. పగలంతా నంద్యాల బడిలో పాఠాలు చెప్పి, రాత్రుళ్లు ఆమె పక్కన మేలుకునేదాన్ని. ఆదివారం పొద్దున ఒక్కపూట మా ఆయన ఆమెను చూసుకునేవాడు. ఆ పూట నేను ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం చేరి, అడవిదారిలో పరుగెత్తేదాన్ని. అటవీ శాఖ వాళ్లు తోడుగా పంపే చెంచు పెద్దాయన నడక నా పరుగుకు సమానం.

ఒక ఆదివారం మొదటి ఎత్తు ఎక్కగానే బండ మీద కూలబడ్డాను. లేవడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. పెద్దాయన వెనక్కొచ్చి, "ఏందమ్మా, కాలు నొస్తాందా?" అన్నాడు.

"లేదన్నా, నిద్రొస్తాంది," అన్నాను. చెప్పుకోవడానికే సిగ్గేసింది.

"అయితే పండుకో. ఈడ ఎలుగులు తిరుగుతాంటాయి. నేను కూచుంటాలే."

బూట్లు కూడా విప్పకుండా ఒరిగిపోయాను. మెలకువ వచ్చేసరికి రెండు గంటల సేపు గడిచిపోయింది. నా ముఖం మీద ఎండ పడకుండా ఆయన తన తలగుడ్డను రెండు కొమ్మలకు కట్టి ఉంచాడు. అది చూసి ఏడుపొచ్చింది.

"ఇంట్లో పండుకునేకి కాదా?" అని అడిగాడు. తలగుడ్డ విప్పి ఆయన చేతికిచ్చాను.

ఆ రోజు పరుగు లేదు, మెల్లగా నడిచే దిగాం. ఇంటికి రాగానే మా ఆయనతో, "ఇంక నా వల్ల కాదు. వారంలో మూడు రాత్రులు నువ్వు మేలుకోవాల," అన్నాను. ఆయన లేచి, చాప తెచ్చి వాళ్లమ్మ మంచం పక్కన పరుచుకున్నాడు.