మా కోచ్ తరఫున నేను చెప్పని మాట

ఈ సాయంత్రం సాకర్ ప్రాక్టీస్‌లో మా అమ్మాయి తల ఇంకో పిల్ల తలకి తగిలింది. కోచ్ వెంటనే ఆట ఆపించి, రెండు వారాలు ఆడకూడదని రాసి ఉన్న కాగితం మీద నా సంతకం తీసుకున్నాడు. “ఐ యామ్ ఫైన్ అమ్మా, శనివారం గేమ్ ఉంది” అని ఇర్వింగ్‌లో మా ఇల్లు చేరేదాకా కారులో అది ఒకటే ఏడుపు. “బొప్పి కూడా కట్టలేదు, నువ్వూ నీ టెన్షనూ” అని మావారు నవ్వేశారు. పిల్ల పడుకుంది గానీ, ఇప్పటికి రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను. మనసు నిలవక ఇది రాస్తున్నాను.

అమెరికా వచ్చి ఎమ్మెస్ చదివే రోజుల్లో మనలో చాలామందిమి క్యాంపస్‌లో ఏదో ఒక పని చేసినవాళ్లమే. నాకు దొరికింది అమ్మాయిల సాకర్ జట్టు మ్యాచ్‌లు వీడియో తీసే పని. ఆ జట్టు కోచ్‌ది ఇటలీ. బస్సు ప్రయాణాల్లో ఆయన కథ ముక్కలు ముక్కలుగా విన్నాను. పదిహేడేళ్లకే సొంతూరి జట్టులో డిఫెండరై, పెద్ద జట్టుకి ఎదిగిన సమయంలో మోకాలు వాచిందట. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇప్పించి ఆడమంటే కాదనలేక ఆడాడట. ఇరవై నాలుగేళ్లకి అదే ఆఖరి మ్యాచ్ అయిందట. ఆ తర్వాత కుంటుతూనే పిల్లలకి ఆట నేర్పి, చిన్నాచితకా జట్లు మారి, నలభై దాటాక మనలాగే వీసా మీద టెక్సస్ వచ్చాడు. దెబ్బ తగిలిన పిల్లని, ఎవరెంత బతిమాలినా, ఆ రోజు మళ్లీ ఆడనిచ్చేవాడు కాదు.

నన్నెప్పుడూ ఆటపట్టించేవాడు. “పిల్లిపిల్లలా బంతి వెంట పడతావేంటి? దాన్ని కెమెరాకి వదిలేసి నువ్వు బంతి లేని చోట చూడు, అసలు ఆట అక్కడుంటుంది” అనేవాడు. మెల్లగా నాకూ అదే అలవాటైంది.

సెమీఫైనల్లో ఒక బంతి కోసం ఎగిరిన మా కెప్టెన్ తల, అవతలి అమ్మాయి తలకి గుద్దుకుంది. బంతి ఎటో వెళ్లిపోయింది, దాంతోపాటే కెమెరా తిప్పాను, కళ్లు మాత్రం కెప్టెన్ మీదే ఉన్నాయి. లేచి, అవతలి జట్టు బెంచీ దగ్గరికి నడిచి, అక్కడ అయోమయంగా నిలబడిపోయింది. కోచ్ వెంటనే బయటికి పిలిచేశాడు. ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

తనకేమీ కాలేదంది కెప్టెన్. కోచే చేజేతులా ఓడించాడని వాళ్ల నాన్న ఫిర్యాదు చేశారు. టేపులో బంతి తప్ప ఏమీ లేదు. క్రీడావిభాగం పెద్దాయన కోచ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, “నువ్వేమైనా చూశావా?” అని నన్నడిగాడు. ప్రతి సెమిస్టర్ నా పని పొడిగించే సంతకం ఆయనదే. ఆ పని పోతే ఫీజు కట్టలేను, నా చదువూ, వీసా రెండూ పోతాయి. కోచ్ మీద ఆయనకి ఎంత కోపంగా ఉందో ముఖంలోనే కనిపిస్తోంది.

“లేదండీ, బంతినే చూస్తున్నాను” అన్నాను.

కోచ్ తలెత్తి ఒక్కసారి నా వైపు చూశాడు.

ఆ వేసవిలో ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు, ఉద్యోగంతోపాటే వీసా కూడా పోయింది. వెళ్లిపోయే ముందు పార్కింగ్ లాట్‌లో ఎదురుపడితే, నా పరీక్షలెలా రాశానని అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు తల దెబ్బలకి రూల్స్ వచ్చాయి, కోచ్‌లు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. నాకూ గ్రీన్‌కార్డు వచ్చింది, ఎవరి సంతకానికీ భయపడక్కర్లేదు. ఆ రోజు ఏం చూశానో ఇవాళ ఎవరి ముందైనా చెప్పగలను. అడిగేవాళ్లే లేరు.