అమ్మ రాయించిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఐపీ అనే మాట వినిపిస్తే చాలు, మా అమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయేది. అప్పులు తీర్చలేనని కోర్టులో దరఖాస్తు పెట్టి దివాలా ప్రకటించుకోవడాన్ని మా వైపు ఐపీ పెట్టడం అంటారు. అది మాకు తిట్టు కిందే లెక్క. ఐపీ పెట్టాడంటే డబ్బంతా పెళ్ళాం పేరనో బామ్మర్ది ఇంట్లోనో దాచి ఊరికి కుచ్చుటోపీ పెట్టాడనే అర్థం. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాన్న ఐపీ పెట్టాడు. దాచడానికి మా దగ్గర ఏమీ లేదు, అది వేరే సంగతి.

మాది మరైగూడ. నాన్నకు దోర్నపాల్ సంతలో చింతపండు వ్యాపారం ఉండేది. అడవి ఊళ్ళ నుంచి దొర్ల తెగవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు బుట్టలతో తెచ్చి పోసేవాళ్ళు. చాలామంది డబ్బు వెంటనే తీసుకునేవాళ్ళు కాదు. ఇంట్లో ఉంటే సారా పాలవుతుందని, పెళ్ళికో పండుగకో అడుగుతామని నాన్న దగ్గరే ఉంచేవాళ్ళు. దానికి కాగితం గీగితం లేదు. ఎంత ఉంచారో అన్ని ముడులు నార తాడుకు వేసి ఒక తాడు వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు, సరిగ్గా అలాంటిదే ఇంకొకటి నాన్నకు ఇచ్చేవాళ్ళు. దుకాణంలో వెనక గోడ నిండా ఆ తాళ్ళే. ఏ తాడు ఏ ఇంటిదో నాన్న కళ్ళు మూసుకుని చెప్పగలడు.

ఆ ఏడు శబరి నది పొంగి గోదాములోకి వచ్చింది. మూడు రోజులు బురదనీళ్ళలో నానిన చింతపండు పశువులు కూడా ముట్టలేదు. ఆ సరుకు కోసం నాన్న గీదంలో ఒక షావుకారు దగ్గరా, భద్రాచలంలో ఒక వ్యాపారి దగ్గరా కాగితం రాసి అప్పు తెచ్చి ఉన్నాడు. మా మేనమామ, అంటే అమ్మకు తమ్ముడు, తన ఎద్దుల జత అమ్మి ప్రోనోటు మీద మరికొంత ఇచ్చాడు. ఇవన్నీ ఒక ఎత్తు, గోడమీది తాళ్ళు ఒక ఎత్తు.

గీదం షావుకారు మనుషులు రోజూ వచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాక నాన్న జగదల్‌పూర్ వెళ్ళి ఒక వకీలును కలిశాడు. ఆయన అడిగిన ఫీజుకు అమ్మ గాజులు సరిపోయేవి. ఇవ్వడానికి అమ్మ సిద్ధపడింది కూడా. కానీ ఆ వకీలు ఒక మాట చెప్పాడు. ఎవరెవరికి బాకీ ఉన్నావో ఒక్కరినీ వదలకుండా జాబితా రాయాలి, రాసినవాళ్ళ బాకీ నుంచే కోర్టు నిన్ను విడిపిస్తుంది, రాయకుండా దాచిన పేరు నీ మెడకు అలాగే ఉంటుంది, దాచావని తెలిస్తే కేసు కూడా అవుతుంది, అలాంటి కాగితం మీద నేను సంతకం పెట్టను అన్నాడు. ఆయన భయపెట్టడానికి చెప్పాడు. నాన్నకు అందులోనే దారి కనిపించింది.

వారం రోజులు ఆయన తిండి సరిగా తినలేదు. ఐపీ పెట్టకపోతే బతికినన్నాళ్ళు సంపాదించిందంతా షావుకార్లు లాక్కుంటారు, అడవివాళ్ళకు పైసా మిగలదు. వకీలును పెట్టుకుంటే అడవివాళ్ళ పేర్లు కూడా జాబితాకు ఎక్కుతాయి, వాళ్ళ బాకీ కూడా అందరి బాకీతో పాటు కొట్టుకుపోతుంది. నార తాడు పట్టుకుని కోర్టుకు వెళితే వాళ్ళను మెట్లయినా ఎక్కనిస్తారా? చివరికి వకీలు లేకుండా తనే దరఖాస్తు పెట్టాలని, కాగితం ఉన్నవాళ్ళనే రాయాలని, తాళ్ళవాళ్ళ బాకీని తన మెడకే ఉంచుకోవాలని నిర్ణయించుకున్నాడు.

మా వైపు కోర్టులో అంతా హిందీయే, దరఖాస్తు కూడా హిందీలో ఉండాలి. నాన్న హిందీ ధారాళంగా మాట్లాడతాడు గానీ రాయడం రాదు. నా చేతిరాతకు బడిలో మంచి పేరుండేది, కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. ఆదివారం పొద్దున, వసారాలో. అమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. షావుకారు పేరు రాశాను, భద్రాచలం వ్యాపారి పేరు రాశాను. నాన్న అయిపోయిందన్నాడు. అప్పుడు అమ్మ చేట కింద పెట్టింది.

"మా తమ్ముని పేరు గూడ రాయి బిడ్డా."

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఏంది, పిచ్చి పట్టిందా నీకు? ఎద్దులమ్మి ఇచ్చిండు వాడు."

"అందుకే రాయాలె. ఆ ప్రోనోటు సంగతి ఊరందరికీ ఎరుకే. బామ్మర్దిని తప్పిచ్చినవంటే ఆ షావుకారు ఊకుంటడా? తీగ లాగితే డొంకంత కదుల్తది. అడివోళ్ళ సంగతి గూడ బయటికొస్తది."

నాన్న తలూపి కాగితం నా వైపు జరిపాడు. నేను మాత్రం సంబరంగా, అన్నిటికంటే అందమైన అక్షరాలతో మామ పేరు రాశాను. పిచ్చిదాన్ని, జాబితాలో ఉన్నవాళ్ళందరికీ కోర్టే డబ్బు ఇస్తుందనుకున్నాను. పాపం తాళ్ళవాళ్ళను వదిలేశారే అని బాధపడ్డాను. అమ్మ తన తమ్ముణ్ణి గుట్టుగా జాబితాలో దూర్చిందని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

కోర్టుకు నాన్న నన్ను తోడు తీసుకెళ్ళాడు. జడ్జిగారు కాగితం చదివి, ఇంకెవరికైనా బాకీ ఉన్నావా అని అడిగారు. నాన్న లేదన్నాడు. త్రాసు దగ్గర గవ్వంత తేడా రానివ్వని మనిషి, ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు. బయటికొచ్చాక పంపు దగ్గర నోరు పుక్కిలించి పుక్కిలించి ఉమ్మాడు. కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. దుకాణం, గోదాము, బండి, ఎద్దులు వేలంలో పోయాయి.

మామకు కూడా కోర్టు కాగితం వెళ్ళింది. ఒకరోజు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినా నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పే మనిషి, ఆ రోజు నా వంక చూడలేదు. అమ్మ మంచినీళ్ళు తెస్తే ముట్టలేదు. నా పేరు రాయించిందెవరక్కా అని అడిగాడు. నేనే రాయించిన అంది అమ్మ. ఎందుకో చెప్పలేదు. చెబితే ఆ మాట షావుకారు చెవిన పడదని నమ్మకం ఏమిటి? ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. జాబితాకెక్కడమంటే బాకీ పోగొట్టుకోవడమేనని అప్పుడు నాకు తెలిసింది.

తర్వాత తొమ్మిదేళ్ళు నాన్న వేరేవాళ్ళ దుకాణంలో తూకం వేశాడు. ఉప్పుగా, బట్టగా, డబ్బుగా తాళ్ళవాళ్ళ బాకీ ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ తీర్చాడు. అది పూర్తయ్యాక, మిగిల్చిన కొంత పట్టుకుని అమ్మను వెంటబెట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాడు. ఉన్న సంగతంతా చెప్పాడు. నేను కూడా అక్కడే ఉన్నాను. మామ డబ్బు ముట్టుకోలేదు. కోప్పడలేదు కూడా.

"ఒక్కమాట నన్ను అడిగితే అయిపోతుండె గదక్కా," అన్నాడు. "అడిగితే నేనే రాసుకొమ్మందును."

ఆ తర్వాత కూడా ఆయన మా గడప తొక్కలేదు. అమ్మ ఎన్నో ఆలోచించింది గానీ అది మాత్రం తోచలేదు. తమ్ముడే కదా, తనవాడే కదా అనుకుంది. తనవాళ్ళను అడగనక్కర్లేదని అనుకోవడం మా అందరిలో ఉన్నదే.

నాన్న పోయినప్పుడు అడవి ఊళ్ళవాళ్ళు డోళ్ళతో వచ్చారు, పాడె మమ్మల్ని మోయనివ్వక వాళ్ళే మోశారు. అలాంటి మనిషి లేడని ఆ ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వింటే నాకు గర్వంగానే ఉంటుంది, కొంచెం ఒళ్ళు మండుతుంది కూడా. ఆ మంచితనానికి ఎద్దులు పోగొట్టుకున్నవాడి ఊసు, పుట్టిల్లు పోగొట్టుకున్నదాని ఊసు ఎవరూ ఎత్తరు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అమ్మ పోయిన రోజు కబురు పంపి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ముసలమ్మలు పుట్టింటి చీర ఏదని అడుగుతుంటే నా పెట్టెలోంచి కొత్త చీర తీసి, మామ పంపిండని చెప్పి కప్పాను. నాన్న కోర్టులో ఆ అబద్ధం ఎలా ఆడి ఉంటాడో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇప్పుడు కిరందుల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్న మా పక్కింటి అబ్బాయి సెల్‌ఫోన్ పట్టుకుని వచ్చాడు. నెత్తిమీద ఏవేవో లోన్లు, వకీలు లేకుండా తనే దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చా అని అడిగాడు. రాసుకున్న జాబితా చూపించాడు. బ్యాంకులు, ఫైనాన్సులు, అన్నిటికంటే కింద వాళ్ళ అక్క పేరు. అక్కకు చెప్పావా అన్నాను. అక్కే కదా, అర్థం చేసుకుంటుందిలే అన్నాడు. వకీలు సంగతి తర్వాత చూద్దాం, ఫీజు తక్కువైతే నేనిస్తాను, ముందు అక్క ఇంటికి బస్సెక్కు అన్నాను. రేపు వెళ్తానన్నాడు. రేపు కాదు నాయనా, ఇప్పుడే అని చొక్కా పట్టుకుని లేవదీశాను, బస్‌స్టాండు దాకా వెంట నడిచి బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.