ఎవరూ ఏమీ అనలేదు

దేవేందర్‌కు పిచ్చి ఎందుకు పట్టిందో సిరిసిల్లలో అందరికీ తెలుసు, ఒక్క డాక్టర్‌కు తప్ప. తల్లి మొగిలవ్వ నోటి దురుసు వల్లే అన్నారు కొందరు. మస్కట్‌లో ఒంటరిగా పడి ఉన్నందుకే అన్నారు ఇంకొందరు. ఇంత తెలిసినవాళ్లు ఒక్కనాడైనా ఆ ఇంటి గడప తొక్కి ఎట్లున్నవని అడిగిన పాపాన పోలేదు.

డాక్టర్ దాన్ని స్కిజోఫ్రీనియా అన్నాడు. "మందులు సగం పనిచేస్తాయమ్మా. మిగతా సగం మీ ఇంటి చేతుల్లో, మీ వాడకట్టు చేతుల్లో ఉంది. ఎత్తిపొడిస్తే, వెలివేసినట్టు చూస్తే జబ్బు మళ్లీ లేస్తుంది. పనిలో పెట్టండి, నలుగురిలో ఉంచండి" అని భార్య ప్రేమలతకు చెప్పాడు.

ఆమె ఆ మాట గట్టిగా నమ్మింది. మందులతో చెవుల్లో వినపడే గొంతులు తగ్గాక, గోవర్ధన్ సేటును బతిమాలి మస్కట్ పోకముందు చేసిన మరమగ్గాల కార్ఖానాలోనే భర్తను మళ్లీ పెట్టించింది.

సాంచాలు, అంటే ఆ మరమగ్గాలు, నడుస్తుంటే ఆ మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చాయ్‌కి ఒక సైగ, పోగు తెగిందంటే ఒక సైగ, మీసం దువ్వితే సేటు వస్తున్నట్టు. దేవేందర్‌కు పక్క సాంచా వినోద్ ఓ సైగ కనిపెట్టాడు. కణత దగ్గర వేలు గిర్రున తిప్పడం. చూస్తుండగానే అది దేవేందర్ పేరైపోయింది. నోరు విప్పకుండా మనిషిని చంపే విద్య ఆ మహానుభావులకు బాగా వచ్చు.

"నా గురించి మాట్లాడుకుంటున్రు" అన్నాడు దేవేందర్ ఇంటికొచ్చి.

ప్రేమలత గుండె జారింది. జబ్బు మొదలైనప్పుడూ అచ్చం ఇదే మాట. "గోలీ ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నిజంగనే అంటున్రు."

మర్నాడు అతను వినోద్ చొక్కా గల్లా పట్టుకున్నాడు. సేటు దేవేందర్‌ను బయటికి గెంటించాడు. ప్రేమలత వెళ్లి కాళ్లావేళ్లా పడితే ఒక షరతు పెట్టాడు.

"అందరి ముంగట ఒప్పుకోవాలె. ఎవ్వలేమనలే, అంత నా బుర్రల్నే పుట్టిందని. గట్లయితేనే పని."

పని పోతే ఇంట్లో ఒక్కడే కూర్చుని మళ్లీ ఆ గొంతులే వింటాడని ఆమె భయం. నచ్చజెప్పి తీసుకొచ్చింది.

సేటు సాంచాలు ఆపించాడు. దేవేందర్ తల వంచుకున్నాడు. "నన్నెవ్వలేమనలే. అంత నా బుర్రల్నే పుట్టింది. మాఫ్ చేయిండ్రి."

అందరూ పెద్దమనుషుల్లా తలలూపారు. వినోద్ అయితే భుజం కూడా తట్టాడు.

సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. మోత నిండగానే వినోద్ అవతలివాడికేసి చూసి కణత దగ్గర వేలు తిప్పాడు. అదే వేలితో తన మెడ చుట్టూ పుస్తెలతాడు గీసి చూపించాడు. పిచ్చోడి పెళ్లాం. గుమ్మంలో నిలబడ్డ ప్రేమలతకు అది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. భర్త చెప్పింది అక్షరాలా నిజం.

దేవేందర్ కూడా చూశాడు. గబుక్కున భార్య వైపు తిరిగి, చూసినవా అని చేత్తో అడిగాడు. ఔనంటే అతను మళ్లీ వినోద్ గల్లా పట్టుకుంటాడు, పని పోతుంది. ప్రేమలత అరచెయ్యి అడ్డంగా ఊపింది. ఏమీ లేదు.

అతని మొహంలో రోషం ఆరిపోయింది. ఈ లోకంలో అతను నమ్మేది ఆమెనొక్కదాన్నే.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె ముందు చెయ్యి చాపాడు.

"ఇంకో గోలీ ఇయ్యి. ఇయ్యాల లేనిది కండ్లకు గూడ కనవడ్డది."