పొయ్యికి గాలి అడిగిన మామ

మామ పోయాడని పోయిన వారం కబురొచ్చింది. సౌదీలోని తబూక్‌లో ఒక మేడ మీద ఏసీకి గ్యాసు నింపుతున్నాను. రాయచోటి నుంచి ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పొద్దున టీ తాగి మళ్ళా పండుకున్యాడు. ఇంక ల్యాలేదన్నా" అన్నాడు. కాసేపు ఆ ఎండలోనే కూర్చుండిపోయాను. తర్వాత గ్యాసు నింపడం పూర్తిచేశాకే కిందికి దిగాను. పని సగంలో వదిలేస్తే, అది తన చావు కబురుకైనా సరే, మామ ఒప్పుకునే మనిషి కాదు.

వరసకు ఆయన నాకేమీ కాడు. మా వైపు మేం ముసల్మాన్ పెద్దల్ని మామా అంటాం, వాళ్ళు మమ్మల్ని అల్లుడా అంటారు. సౌదీలో ఆయన మా ఏసీ పనివాళ్ళకు ఫోర్‌మన్. అక్టోబరు వస్తే చాలు, మంకీ క్యాపు తొడిగేవాడు. ఊరందరికీ చలవ అమ్మే మనిషి చలికి అంతగా వణికితే మాకు నవ్వాగేది కాదు. "నవ్వండ్రా. వంటోడు కూడా ఇంటికిబొయ్యి గంజే తాగుతాడు" అనేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది. మా సిలికాన్ పూతలు చూసి, "ఏం రా, గోడకు పండ్లు తోముతాండావా?" అని తిట్టేవాడు. ఎంత తిట్టినా తన ఫ్లాస్కులో టీ మాత్రం ముందు మాకే పోసేవాడు.

ఆయన్ని తలచుకుంటే నాకు అన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది ఏసీ పని కాదు. ఒక కట్టెల పొయ్యి.

మా కఫీల్‌కు, అంటే మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న సౌదీ యజమానికి, ఊరి బయట తోట ఉంది. ఆయన తల్లి గుడారాల్లో పుట్టి పెరిగిన మనిషి. ముసలితనంలో మోకాళ్ళు పట్టేసి చక్రాల కుర్చీకి పరిమితమైంది. తబూక్ చలి ఎముకల్లో దిగే చలి. కొడుకు ఎన్ని కరెంటు హీటర్లు పెట్టినా ఆవిడ వాటిని మంట కింద లెక్కేయలేదు. కట్టెల ముందు కూర్చోవాలని ఒకటే పట్టు. అందుకని కఫీల్ తోటలో ఒక చిన్న గది కట్టించి, అద్దం తలుపున్న ఇనుప పొయ్యి కొనుక్కొచ్చి, బిగించమని మాకు అప్పగించాడు.

మాలో ఒక్కడూ అలాంటి పొయ్యి ముట్టినవాడు కాదు. మామ దాని చుట్టూ తిరిగి చూసి, "పొగ కూడా గాలే గదరా. గాలి మనకు కొత్తా?" అన్నాడు. ఆ ధీమా మాకందరికీ అంటుకుంది.

గది కప్పు రేకుల మధ్య నురుగు నింపిన పలకలది. వేడి గొట్టం దానికి ఆనితే నురుగు అంటుకుంటుంది. అందుకని మామ గొట్టం కంటే బాగా పెద్ద కంత కోయించి, నురుగు వెనక్కి తవ్వించి, మధ్యలో మంటకు కాలని రాతి ఉన్ని కూరించాడు. గొట్టాల అతుకులు తిరగేసి పెట్టామని మొత్తం ఊడదీయించాడు. మసి నీళ్ళు కారితే లోపలే కారాలట. ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళం, చివర్లో చేతి అలవాటు కొద్దీ గదినంతా మూసేశాం. తలుపుకు రబ్బరు పట్టీ, కిటికీలకు సిలికాన్, గోడ మూలలకు ఫోమ్. ఏసీ గదికి అదే కదా మా విద్య. "చీమ దూరదు మామా" అని నేను గొప్పలు పోతే ఆయన కూడా సంతోషంగా తలూపాడు.

ముట్టించే రోజు మధ్యాహ్నం కఫీల్ తల్లిని కుర్చీలో తోసుకొచ్చాడు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. గది తలుపు తీసి ఉన్నంతసేపు మంట చక్కగా లేచింది. తలుపు వేయగానే పొయ్యి పొగ కక్కింది, అద్దం నల్లబడింది, మా కళ్ళు మండాయి. గొట్టం పొట్టిదేమో అన్నాడు కఫీల్. మామ కాలితో తలుపు కాస్త తెరిచాడు. మంట లేచింది. మూశాడు. పడిపోయింది. ఇంక నవ్వడం మొదలుపెట్టాడు.

"తప్పు మనదే అల్లుడా. గదిని ఫ్రిజ్జు చేసి పెట్నాం. పొయ్యి ఊపిరాడక సస్తాంది."

పొయ్యికి పక్క గోడలో కింద కంత పెట్టాలి, బయటి గాలి లోపలికి రావాలి అని చెప్పాడు. కఫీల్ మండిపడ్డాడు. వెచ్చదనం కోసం గది కట్టిస్తే చలిగాలికి కంత పెడతారా, కొత్త రాతిగోడ పగలగొడతారా అని అరబ్బీలో అరిచాడు. తలుపు కాసేపు తీసి ఉంచుదాం, మంట పట్టాక మూసేద్దాం, అమ్మ ఎదురుచూస్తోంది అన్నాడు. కుర్చీ ముందుకు తోశాడు.

మామ వెళ్ళి వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు.

కఫీల్‌కు ఎదురు నిలబడ్డవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. మామ తన వచ్చీరాని అరబ్బీలో చెప్పిన మాట ఇది: "కఫీల్‌వి నువ్వే. కావాలంటే ఎగ్జిట్ కొట్టి నన్ను ఊరికి పంపించు. అమ్మను మాత్రం ఇందులోకి పోనివ్వను." తర్వాత మా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "కండ్లబడే పొగ మంచిదిరా, మండించి బయటికి తోల్తాది. కండ్లబడంది మాత్రం నిద్రబుచ్చి తీసకపోతాది." చలికాలంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపు వేసుకుని పడుకుని, మళ్ళీ లేవని డ్రైవర్లను తాను ఎరుగుదునని ఆయన అనేవాడు. వాళ్ళను మోసినవాళ్ళలో తానూ ఒకడు.

చివరికి ఆ పెద్దావిడే, "నన్ను ఇంట్లోకి తీసుకుపో. అతని పని కానివ్వు. రేపు వస్తాను" అంది. కఫీల్ మామ వైపు చూడకుండా కుర్చీ తిప్పుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రమే గోడకు కంత పెట్టి, గొట్టం దూర్చి, తేళ్ళు రాకుండా జాలీ బిగించాం. మర్నాడు మామ పొయ్యి రాజేసి, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. నన్ను బయట కూర్చోబెట్టాడు. "పిలుస్తా ఉండు. నేను పలక్కపోతే తలుపు ఇరగ్గొట్టు" అన్నాడు. నేను పిలిచిన ప్రతిసారీ లోపల్నుంచి ఒక తిట్టు వచ్చేది. నా జీవితంలో తిట్లు అంత తీపిగా ఎప్పుడూ వినబడలేదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు చెమటలు కారుతూ బయటికొచ్చి, మొదటిసారి ఆ మంకీ క్యాపు తీసి నా చేతికిచ్చాడు. "ఇంక పెద్దమ్మను రమ్మను" అన్నాడు.

ఆవిడ బతికున్నన్ని చలికాలాలూ ఆ మంట ముందే కూర్చుంది. కఫీల్ మాత్రం చాలా రోజులు మామతో ముభావంగానే ఉన్నాడు. మామ పట్టించుకోలేదు. "మాట్లాడకపోతే ఏమి, జీతమిస్తాండాడు గదా" అని నవ్వేవాడు. పోయిన ఏడు మోకాళ్ళు సహకరించక ఊరికి వెళ్ళిపోయాడు. ఆ ధైర్యంలో చిటికెడైనా నాకు అంటించి వెళ్ళాడనే నా నమ్మకం. ఇప్పుడు ఫోర్‌మన్‌ని నేనే. గాలి సరిగా ఆడని గది అప్పగించమంటే, ఎవరడిగినా సరే, కాదంటున్నాను.

కబురు తెలిసి కఫీల్ మమ్మల్నందరినీ ఆ తోట గదికే పిలిచాడు. మామ ఆత్మశాంతికి దువా చేయించాడు. పొయ్యి మండుతోంది, గది మనుషులతో నిండిపోయింది. కొత్తగా వచ్చిన డ్రైవరొకడు, కింద నుంచి కాళ్ళకు చలి కొడుతోందని, ఒక దిండు తీసుకెళ్ళి ఆ కంతకు అడ్డం పెట్టాడు. నేను లేవబోతుండగానే కఫీల్ లేచాడు. దిండు లాగి పక్కన పెట్టాడు. అందరూ మంట ముందుకు జరుగుతుంటే, ఆయన ఇంకెవరూ మూయకుండా ఆ కంత పక్కనే, గాలి తగిలే చోట, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. చలికి భుజాలు బిగిశాయి. అంతా లేచేదాకా అక్కణ్ణుంచి కదలలేదు.