దురుగప్ప పారేసిన నూనె

దురుగప్ప ఒకప్పుడు సారాయి కాచేవాడు. మద్యనిషేధం వచ్చాక అదే రాగి బానలో వామును ఆవిరి పట్టి అర్కు దించసాగాడు. సరుకు మారింది గానీ గర్వం మారలేదు. చుక్క నీళ్ళలా తేటగా ఉండాలి, అంతే. అర్కు మీద తేలే నూనెను గుడ్డతో అద్ది, ఆ గుడ్డను పెరట్లోకి విసిరేసేవాడు. నూనె కనబడితే దీపం చమురు కలిపాడంటారని భయం.

భార్య రుద్రమ్మకు ఉబ్బసం. చలిగాలి తిరిగితే కూర్చునే నిద్రపోయేది. దురుగప్ప తేట అర్కు గ్లాసు నిండా తాగించేవాడు. కాసేపటికి ఆమెకు ఊపిరి కొంచెం ఆడేది. నా చేతి మహిమ అని రూపనగుడి ఊరంతా చెప్పుకునేవాడు.

బళ్ళారిలో డాక్టరు కాలేజీ పెట్టిన కొత్తలో అక్కడి కుర్ర డాక్టరు ఇంద్రసేన ఆ మాట విని ఊరికి వచ్చి, అర్కుతో పాటు పైన తేలేది కూడా కావాలన్నాడు. ఎగతాళేమో అనుకుంటూనే దురుగప్ప రెండూ చెరో సీసాలో కాలేజీకి పట్టుకెళ్ళాడు.

అక్కడ వెచ్చని ఉప్పునీళ్ళ గాజుగొట్టంలో, చచ్చిన గినీపిగ్గు ఊపిరిగొట్టం ముక్క దారానికి వేలాడుతోంది. డాక్టరు ఏదో మందు వేయగానే అది బిగుసుకుంది. దారానికి కట్టిన పుల్ల మసి పూసిన కాగితం మీద గీతను పైకి ఎక్కించింది. చచ్చింది కదలడం చూసి దురుగప్ప ఒకడుగు వెనక్కి వేశాడు. తేట అర్కు వేస్తే గీత కదల్లేదు. నూనె బొట్టు వేస్తే మెల్లగా దిగింది. ముక్క వదులైంది.

"ఉబ్బసంలో బిగుసుకునేది ఈ కండేనప్పా. నీ నూనె దాన్ని వదులు చేస్తాండాది. ఇది గాజుగొట్టంలో మాట. ఎవరికీ తాపొద్దు," అన్నాడు డాక్టరు.

దురుగప్ప ఊరి బస్సెక్కాడు. దారంతా ఒకటే ప్రశ్న తొలిచింది. అర్కులో ఏమీ లేకపోతే రుద్రమ్మ ఎట్లా బతికింది? ఇంటికొచ్చి ఆమె ముందు కూలబడి, నీ మందును నేనే పెరట్లోకి విసిరేశానని చెప్పాడు.

ఆమె తలదిండు ఎత్తింది. కింద మడతపెట్టిన గుడ్డ. వాము ఘాటు గుప్పుమంది.

"నువ్వు విసిరేస్తాంటివి, నేను ఏరుకుంటాంటిని. నీ అర్కు తాగి, దీన్ని ముక్కుకాడ పెట్టుకుంటాంటి."

"నాకు చెప్పొద్దా?"

"మొదట్లో చెప్తినే. జిడ్డుగుడ్డ ఇంట్లోకి తెస్తావా అని అరిస్తివి. మళ్ళీ యాడ చెప్పేది?"

మర్నాడు బాన దించినప్పుడు అలవాటుగా చెయ్యి గుడ్డ మీదికి పోయింది. నూనె అద్దింది. విసరబోయి ఆగింది. దురుగప్ప ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.