పోలయ్యన్న ట్యాబ్‌లో ఖాళీ సముద్రం

రక్తం, సముద్రం, బావాబామ్మర్దుల పోరు, ఊరి తీర్పు. పద్దెనిమిది రాత్రులు కూర్చోబెట్టి చెప్పాల్సిన వీరగాథ ఇది. నాలుగేళ్లుగా గుండెల మీద మోస్తున్నాను. సరే, అబద్ధమెందుకు. ఇది ట్యాబ్ రిపేరు కథ. మోస్తున్న మాట మాత్రం నిజం.

మా ఊరు కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రం ఒడ్డున. నాది సెల్‌ఫోన్ల కొట్టు. ఫోను చచ్చిందని ఏడుస్తూ వచ్చినోళ్లని నవ్విస్తూ పంపిస్తానని పేరు. బాగుచేసే సంగతి తర్వాత.

ఆ వారం ట్యాబులకి కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. దాంతో పడవలవాళ్లు దారి చూసుకునే మ్యాప్ యాప్ తెరిస్తే మూసుకుపోవడం మొదలైంది. మా ఊరి పడవలవాళ్లలో ఒకడు పోలయ్యన్న, తన ట్యాబ్ తెచ్చి బల్లమీద పెట్టాడు, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు.

"జాగ్రత్త అబ్బయా. అందులో మా నాయన ఉండాడు."

నాయన పోయాడు. సముద్రం అడుగున రాళ్లెక్కడున్నాయో, ఏ కాలంలో ఏ రాళ్ల దగ్గర చేప చేరుతుందో, బతికున్నన్నాళ్లూ ఆయన ఒక్కొక్క చోటే గుర్తుపెట్టిన పాయింట్లు మాత్రం ఆ యాప్‌లో ఉన్నాయి. మా దగ్గర అన్నం పంచుకుంటారు. పాయింట్లు పంచుకోరు. కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, క్లియర్ డేటా. అన్ని రోగాలకీ అదే మాత్ర. అంతా పోతుంది, సరేనా అని ట్యాబ్ అడిగింది. అట్లాంటి ప్రశ్నలు ఎవరు చదువుతారు? సరే నొక్కాను. యాప్ బ్రహ్మాండంగా తెరుచుకుంది. లోపల సముద్రం ఉంది. అంతే.

సాయంత్రం పోలయ్యన్న వచ్చి చూసుకున్నాడు. "పాయింట్లేవిరా?"

అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. తిట్టేవాడు, కొట్టేవాడేమో కూడా. ఎందుకు చెప్పలేదు? భయమా? అది పెద్ద మాట. కొట్టు ముందు నలుగురున్నారు, వాళ్ల ముందు పనిరానివాడిగా దొరికిపోవడం ఇష్టం లేకపోయింది, అంతకన్నా గొప్ప కారణం కోసం ఇన్నేళ్లూ నాలో నేను వెతుక్కున్నాను, దొరకలేదు.

"నా చేతికొచ్చేటప్పటికే లేవన్నా. ముందు ఎవరికన్నా ఇచ్చినావా?"

"మా శీనడు తప్ప ఎవురు ముట్టుకుంటారు?"

శీను ఆయన భార్య తమ్ముడు. ఆ నెలే సొంత పడవ దించాడు.

"బామ్మర్ది చేతికిస్తే ఇల్లే ఖాళీ అయిపోద్ది, ట్యాబ్ ఒక లెక్కా?"

నలుగురూ నవ్వారు. పోలయ్యన్న నవ్వలేదు.

మర్నాడే శీను పడవ నిండా వంజరం చేపతో ఒడ్డుకొచ్చాడు. అదృష్టమంటే అట్లా ఉంటుంది. పోలయ్యన్న తెడ్డు తీసుకుని మోకాళ్లలోతు నీళ్లలోకి దిగాడు. మొదటి దెబ్బ మొహం మీద. పళ్లు నీళ్లలో పడ్డాయి. "నాకేం తెలవదు బావా, నీ కాళ్లు పట్టుకుంటా" అంటూనే ఉన్నాడు శీను. అడ్డం పెట్టిన చెయ్యిని పడవ అంచు మీద ఆనించి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడు. తెడ్డనుకున్నాను. తెడ్డు ఆ తర్వాత విరిగింది. ఇక కాలితో శీను తలని నురుగులో తొక్కిపట్టాడు, జనం మీదపడి లాగేదాకా వదల్లేదు. తెల్లగా వచ్చిన అల ఎర్రగా వెనక్కిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను. ఊరందరికీ తెలిసిన నా నోరు. మాట రాలేదు.

ఊరి పెద్దలు కూర్చుని నన్ను పిలిపించారు. "ట్యాబ్ చూసినోడివి నువ్వే. చెప్పు." చెప్పాను. అదే అబద్ధం. రెండోసారి కదా, సులువుగా వచ్చింది. నా మాట మీదే శీనుని దొంగగా తేల్చి, మా ఒడ్డున పడవ దించకూడదన్నారు. మా వైపు పెద్దల మాట దాటిన ఇంటికి మంచినీళ్లు కూడా పుట్టవు.

ఇప్పుడు శీను నాయుడుపేటలో ఒక గోడౌన్ గేటు దగ్గర కూర్చుంటాడు. ఎడమ చేత్తో గేటు తీస్తాడు. కుడిచెయ్యి మడత పడదు. అక్క ఇంటికి రాడు. మొగుడికి అన్నం పెట్టేటప్పుడు కూడా అక్క ఆయనతో మాట్లాడదు. పోలయ్యన్నకి తను కొట్టింది దొంగనేనని ఇప్పటికీ నమ్మకం. ఆ నమ్మకం తీసేస్తే ఆయనకి ఏం మిగులుతుంది? చూశారా, ఇది కూడా నేను ఆయన మీద జాలితో దాస్తున్నట్టే వినిపిస్తోంది. కాదు. నా కోసమే దాచాను.

ఇదంతా మీకు చెబుతున్నాను, శీనుకి కాదు. ఆ తేడా నాకు తెలుసు. క్షమించడం మీ చేతిలో లేదు, అడిగే మొహం నాకు లేదు. చెప్పాక ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది. అంతవరకే.

పోలయ్యన్న ట్యాబ్ తెచ్చిన తర్వాతి వారం ఆ యాప్ కంపెనీవాళ్లు సరిచేసిన యాప్ పంపారు. నా కొట్టుకి రానివాళ్ల ట్యాబులన్నీ వాటంతటవే బాగయ్యాయి, పాయింట్లతో సహా.